ఎండకేసిన లైబ్రరీ

ఆ పొద్దు వనపర్తి మీద ఆకాశం తోమిన గిన్నెలా ఉంది. మబ్బు తునక లేదు. కాలేజీ లైబ్రేరియన్ దేవదాసు దాన్ని నమ్మాడు. ఇరవై రెండేళ్లుగా ఎవరెవరినో నమ్మిన మనిషికి ఆకాశం ఒక లెక్కా?

పదకొండింటికి తనిఖీకి జితేందర్ సార్ వస్తున్నాడు. పుస్తకాలు ఎవరూ ముట్టడం లేదని తేలితే లైబ్రరీ గది కంప్యూటర్లకు పోతుంది. ముక్కిన వాసన చూస్తే అది తేలడానికి నిమిషం పట్టదు. అందుకని దేవదాసూ, అటెండర్ కిష్టమ్మా పుస్తకాలన్నీ మేడ మీదికి మోసి, పల్లికాయ ఆరబోసినట్టు టార్పాలిన్ల మీద పరిచారు.

పదిన్నరకు మబ్బు కమ్మింది. సార్ కొత్తకోట దాటాడని ఫోనొచ్చింది. చినుకు పడింది. ఓ నలుగురు పిల్లల్ని పిలవమని దేవదాసు చెబితే, కిష్టమ్మ ఏకంగా ఇంటిబెల్లు కొట్టింది. బిలబిలమంటూ వచ్చిన కాలేజీనంతా మెట్ల దగ్గర నిలేసింది.

"తలా నాలుగు తెండ్రి. తడినేల మీద పెట్టిండ్రంటే ఊకోను. బీరువాల సర్దనీకె టైం లేదు, చేతులనే పట్టుకోండ్రి."

తెచ్చి గదుల్లో కూర్చున్నారు. వాన ఆగలేదు. సార్ కంటపడొద్దని ప్రిన్సిపాల్ వనజ మేడం పిల్లల ఫోన్లన్నీ పొద్దున్నే గుంజుకుంది. చేతిలో పుస్తకం, జేబులో ఏమీ లేదు. చూసి చూసి పిల్లలు అట్టలు తెరిచారు.

సార్ గొడుగు ముడిచేసరికి గదుల్లో చీమ చిటుక్కుమన్నా వినపడేలా ఉంది. జైనబ్ అనే అమ్మాయిని పేరడిగితే తలెత్తలేదు.

"జర ఆగుండ్రి సార్. గీ పేజీ అయిపోనియ్యుండ్రి."

సార్ ఆగాడు. ఆయన కళ్లు చెమర్చాయి. దేవదాసుకు కడుపు నిండినట్టయింది. తర్వాత లైబ్రరీ తెరిచారు. బీరువాలు బోసిగా ఉన్నాయి. దేవదాసు ఎండ సంగతి ఎత్తబోతే మేడం వెనక నుంచి చొక్కా లాగింది.

"అన్నీ పిల్లల చేతులనే ఉన్నయి సార్," అంది. అది అబద్ధం కాదు.

సార్ మురిసిపోయి అక్కడే రాసిచ్చాడు: ఈ కళాశాలలో పుస్తకములన్నీ విద్యార్థుల చెంతనే ఉన్నవి, కావున వాటికి ప్రత్యేక గది అవసరము లేదు. కంప్యూటర్లు రేపే వస్తాయట.

వాన వెలిశాక జైనబ్ వచ్చి, పుస్తకం ఇంటికి తీసుకుపోవచ్చా అని అడిగింది.

"తీస్కపో బిడ్డా," అన్నాడు దేవదాసు. "పెట్టనీకె జాగ లేదు."

దేవదాసూ, కిష్టమ్మా వరండాలో జొన్నరొట్టె, పుంటికూర విప్పుకుని తిన్నారు. తిన్నాక బీరువాలు బయటికి మోయాలి. ఖాళీవే కాబట్టి పెద్ద బరువుండవు.