మాబున్నీసా డాబా కరెంటు

గురజాల రోడ్డు మీది ఊళ్లో ఆ సోమవారం ఉదయం మాబున్నీసా అనుకున్న పని ఒక్కటే. వంట ముగించుకుని కరెంటాఫీసుకు వెళ్లి ఏఈని కడిగేయాలి. డాబా మీద సోలారు ప్లేట్లు పెట్టించాక తగ్గాల్సిన బిల్లు పెరుగుతోంది. కిందటిసారి అడిగితే, "ఊరికే వస్తోందని ఎక్కువ వాడుతున్నారేమో" అని నవ్వి పంపించారు. బిల్లు కన్నా ఆ నవ్వు ఆమెకు ఎక్కువ గుచ్చుకుంది.

"ప్లేట్లు దించేద్దాం మాబూ. మనకెందుకీ తంటా" అన్నాడు భర్త చాంద్ బాషా. అతనిది మోటారు సైకిళ్ల రిపేరు షెడ్డు. బండి మొరాయిస్తే వదిలిపెట్టడు గానీ, ఆఫీసు మొరాయిస్తే దండం పెట్టి వచ్చేస్తాడు.

"దించను. ఎండకి లేని ఇబ్బంది వాళ్లకేంది?"

అతను షెడ్డుకు వెళ్లాక ఆమె ఇంట్లో ఫ్యాన్లు, ఫ్రిజ్, చివరికి ఫోను చార్జరు కూడా ఆపి మీటరు చూసింది. వాడకాన్ని లెక్కపెట్టే ఎర్రలైటు టకటకా కొట్టుకుంటూనే ఉంది. సాక్ష్యం ఉంటే మంచిదని పక్కింటి కోటయ్యను పిలిచింది. కోటయ్య ఒకసారి వార్డుకు పోటీ చేసినవాడు. పక్కన జనం లేకుండా ఏదీ చూడలేడు. వచ్చేటప్పుడే వీధి సగాన్ని వెంటబెట్టుకొచ్చాడు.

"మాబున్నీసా మీటరు దానంతటదే తిరుగుతోంది" అన్న మాట వీధి చివరకు వెళ్లేసరికి "మీటరు షాక్ కొట్టింది" అయింది. బస్సు ఆగే చోట "మనిషి పోయాడు" అయింది. కరెంటాఫీసులో "శవంతో ధర్నాకి వస్తున్నారు" అయింది.

ఏఈ ప్రభు జీపు దిగేసరికి వాకిలి నిండా జనం. "శవం ఎక్కడ?" అన్నాడు జీపు తలుపు వదలకుండా.

"ఏంది సార్ ఆ మాట. ఇంత బిల్లులు కట్టి కూడా అందరం బతికే ఉన్నాం" అన్నాడు కోటయ్య.

మాబున్నీసా అందరితో పాటు అతనికీ టీ ఇచ్చింది. సగం గ్లాసు తాగాక ప్రభుకు ధైర్యం వచ్చింది. "ఇంతమందికి టీలా? ఇంటి కనెక్షన్ మీద హోటలు నడుపుతున్నారా? కమర్షియల్ రేటుకి మార్చేస్తా."

"మార్చండి. ముందు మీరు తాగిన టీకి డబ్బులియ్యండి."

ప్రభు గ్లాసు గోడ మీద పెట్టేశాడు. ఇంట్లో అన్నీ ఆపి ఉండగానే మాబున్నీసా సోలారు స్విచ్ కూడా ఆపింది. మీటరు మీద ఎర్రలైటు ఆగిపోయింది. మళ్లీ వేసింది. మళ్లీ కొట్టుకుంది. ప్రభు వంగి చూశాడు. సోలారు పెట్టినప్పుడే మార్చాల్సిన పాత మీటరు అది. డాబా మీద నుంచి లైనులోకి పోయే కరెంటును కూడా ఇంటి వాడకం కిందే కలిపేస్తోంది.

"అంటే మేం మీకిచ్చినదానికి మా దగ్గరే వసూలు చేశారు" అంది మాబున్నీసా.

ప్రభు గొంతు తగ్గించాడు. "కొత్త మీటరు వచ్చేదాకా సోలారు ఆపుకోండమ్మా."

"ఆపను. ఈ రోజే మార్చండి. బిల్లు సరిచేస్తామని రాసియ్యండి."

ప్రభు జీపు వైపు నడిచాడు. దాని ముందు ఒక మోటారు సైకిలు అడ్డంగా ఉంది. మనిషి పోయాడని విని ఆదరాబాదరా వచ్చిన చాంద్ బాషా దాని మీద కూర్చుని కిక్కు కొడుతున్నాడు.

"స్టార్ట్ కావట్లేదు సార్" అన్నాడు తాపీగా. "చానా టైము పట్టేట్టుంది."

మాబున్నీసా భర్తను చూసి నవ్వు ఆపుకుంది. ప్రభు కాగితం అడిగాడు.

మధ్యాహ్నం కొత్త మీటరు బిగిస్తుంటే జనం ఏఈ చుట్టూ మూగారు. "సార్, నా డాబాకి ఎన్ని ప్లేట్లు పడతయ్?" అని మొదలెట్టింది కోటయ్యే.

సాయంత్రం ప్రభు, ధర్నాకొచ్చిన గుంపును ప్రశాంతంగా ఇళ్లకు పంపించేశానని పైవాళ్లకు ఫోన్ చేశాడు. ఆ గుంపు ఎవరి డాబా వాళ్లు కొలుచుకోడానికి వెళ్లారని మాత్రం చెప్పలేదు.