నిద్ర రాని మనిషి

వైకుంఠరావు బి.ఏ. పాసై అయిదేళ్ళయింది. ఆ అయిదేళ్ళలో మధ్యాహ్నం భోంచేసి పడుకోని రోజు ఒక్కటీ లేదు. పొద్దున్న టీ కొట్టు దగ్గర స్నేహితులు, సాయంత్రం క్యారమ్ బోర్డు, మధ్యలో నిద్ర. ఇంతకన్నా మనిషికి ఏం కావాలో అతనికి తెలియదు. తల్లి ఆదిలక్ష్మికి మాత్రం తెలుసు. ఉద్యోగం చూసుకోకపోతే తిండి మానేస్తానని రెండుసార్లు బెదిరించి, మూడోసారి నిజంగానే మానేసింది.

అందరూ ముందు జీతం అడుగుతారు, అతను వేళలు అడిగాడు. కూర్మారావు షావుకారి అప్పడాల హోల్‌సేల్ కొట్టు ఒంటిగంటకు మూసి నాలుగింటికి తెరుస్తారన్నారు. బరంపురంలో ఏ కొట్టయినా దాదాపు అంతే. ఆ మూడు గంటలూ తెలుగువాళ్ళు, ఒరియావాళ్ళు అన్న తేడా లేకుండా ఊరు ఊరంతా పడుకుంటుంది. సోమవారం పొద్దున్న కొలువుకు బయల్దేరుతూ అతను వేసుకున్న పథకం చాలా చిన్నది: ఒంటిగంట దాకా ఎలాగో ఓర్చుకోవడం, సైకిలెక్కి ఇంటికి రావడం, తినడం, పడుకోవడం.

ఆ ఓర్చుకోవడమే కుదరలేదు. తెల్లారకుండా లేచిన ఒళ్ళు పదకొండింటికే బరువెక్కింది. పన్నెండున్నరకు షావుకారు పిలిచి, వెనక గోదాములో మినప్పిండి బస్తాలు ఎన్నున్నాయో చూసి రమ్మన్నాడు. గోదాము చల్లగా, చీకటిగా ఉంది. కింద వరస లెక్కపెట్టి, పై వరస కోసం బస్తాల మీదికి ఎక్కాడు. ఎక్కినవాడు ఒక్క నిమిషం అనుకుని నడుం వాల్చాడు.

ఒంటిగంటకు షావుకారు, కొత్తవాడు వెళ్ళిపోయాడనుకుని షట్టరు దించి తాళం వేసుకున్నాడు. ఇంటికి పోయి పడుకున్నాడు.

ఆదిలక్ష్మి, కొడుకు మొదటిరోజు కొలువని దప్పళం చేసి కూర్చుంది. రెండయినా మనిషి రాలేదు. క్యారేజీ కట్టుకుని రిక్షాలో కొట్టుకు వస్తే షట్టరుకు తాళం, గోడకు కొడుకు సైకిలు. ఆవిడ తిన్నగా షావుకారి ఇంటికి పోయి తలుపు బాదింది. ముప్పై ఏళ్ళుగా పగటినిద్రలో ఆయన్ని లేపిన వాళ్ళు లేరు. ఆయన కళ్ళు నులుముకుంటూ, ఇంటి మేడ మీద ఎండబెట్టిన అప్పడాలకు కాపలా ఉండే సోములును కేకేసి, తాళాలు పట్టుకొచ్చాడు.

షట్టరు చప్పుడుకు వైకుంఠరావు లేచాడు. మొదటిరోజే కొలువు పోయిందనీ, అమ్మ మళ్ళీ తిండి మానేస్తుందనీ ఒకేసారి తట్టాయి. భయానికి ఏం చెయ్యాలో తోచక, దొరికిన బస్తాను ఈ మూల నుంచి ఆ మూలకు ఈడవడం మొదలుపెట్టాడు. లోపలికొచ్చిన ముగ్గురికీ తల నుంచి పాదాల దాకా పిండి కొట్టుకుని, రొప్పుతూ బస్తాలు సర్దుతున్న మనిషి కనిపించాడు.

"ఏటిరా, ఇంటికెల్లలేదా?" అన్నాడు షావుకారు.

లెక్క తేలలేదన్నాడు. భోజనం సంగతి అడిగితే, పనిలో పడి గుర్తు లేదన్నాడు.

ఆదిలక్ష్మి కళ్ళొత్తుకుంది. "ఇంట్లో సెంబు తీసి ఇటు పెట్టేవోడు కాదు బాబూ. మీ నీడకొచ్చిన పూటకే ఎలాగైపోయాడో సూడండి."

షావుకారు అతన్ని ఎగాదిగా చూశాడు. "మద్దేనం నీకు నిద్దర రాదేటి?"

అడగకూడని ప్రశ్న అదొక్కటే. ఎదురుగా తల్లి, ఆవిడ చేతిలో క్యారేజీ. నిజం చెప్పే దారి కనిపించలేదు. అలవాటు లేదండి అన్నాడు. అన్న మరుక్షణం ప్రాణం ఉసూరుమంది.

సోములు ఒక్కడే దగ్గరికొచ్చి అతని ఎడమ చెంప చూశాడు. గోనె నేత గళ్ళుగళ్ళుగా అచ్చు దిగి ఉంది. పధ్నాలుగేళ్ళుగా ఒంటిగంట నుంచి నాలుగింటి దాకా ఎండలో కూర్చుని, ఆరబెట్టిన అప్పడాల మీదికి కాకులు రాకుండా తోలుతున్న మనిషి సోములు. చెంప చూశాడు, షావుకారి ముఖం చూశాడు. "పిండి, బాబూ" అంటూ భుజం మీది తువ్వాలు తీసి, చెంపంతా ఎర్రబడే దాకా శ్రద్ధగా తుడిచాడు.

"ముప్పై ఏళ్ళుగా ఎతుకుతున్నాన్రా ఇలాటోడి కోసం," అన్నాడు షావుకారు. "సోములు కునుకేసిన్నాడల్లా సగం అప్పడాలు కాకులకే. రేపట్నుంచి మేడ నువ్వు సూసుకో. సోములు ఇంటికెల్లి పడుకుంటాడు."

క్యారేజీ మేడ మీదికే తెస్తానని ఆదిలక్ష్మి సంతోషంగా ఒప్పుకుంది. సాయంత్రానికల్లా, తన కొడుకుకు అసలు పగలు నిద్రే పట్టదని వీధంతా చెప్పింది.

మర్నాడు ఒంటిగంటకు సోములు కర్రా, తాటాకు గొడుగూ అప్పగించాడు. "బాబూ, గోడకి ఆనుకోకండి. ఆనుకున్నారంటే అయిపోనాది" అని చెప్పి, ఆ వయసులో మెట్లు రెండేసి చొప్పున దిగిపోయాడు. కింద బజారులో ఒక్కొక్క కొట్టే షట్టరు దించింది. రిక్షావాళ్ళు రిక్షాల్లోనే కాళ్ళు చాపారు. వైకుంఠరావు కర్ర పట్టుకుని, కళ్ళు బలవంతంగా తెరుచుకుని, పిట్టగోడ మీద వాలిన కాకిని చూస్తూ నిలబడ్డాడు.

రెండింటికల్లా కాకి కూడా నిద్రపోయింది. అతను మాత్రం గోడకు ఆనుకోలేదు.