కెమెరాలోకి చూసిన మనిషి

షూటింగు అయిపోయాక సస్పెన్సు సినిమాలో హంతకుణ్ణి మారిస్తే, కొత్తగా ఖాయమైన మనిషే నిజంగా ఆ హత్య చేసినట్టు లెక్క. రిలీజు రోజున అతను జైలుకు వెళ్లాలి. ఈసారి ఆ వంతు కృష్ణానగర్ జూనియర్ ఆర్టిస్టు అప్పలకొండకు వచ్చింది.

ఇందులో కక్షేమీ లేదు పాపం. మొదట అనుకున్న హంతకుణ్ణి ప్రివ్యూలో చిన్నపిల్లలు కూడా ఇంటర్వెల్‌కే పట్టేశారు. డైరెక్టరు తల పట్టుకుని, తీసిందంతా మళ్లీ వేసుకుని చూశాడు. నలభై ఒకటో సీన్లో టీ ట్రే పట్టుకున్నవాడొకడు క్షణం పాటు తిన్నగా కెమెరాలోకి చూశాడు. జూనియర్లు చేయకూడని తప్పు అది. "వీడేరా!" అని డైరెక్టరు గంతేశాడు. ముందే సూచన ఉంది గనుక మలుపు సబబేనని లాజిక్కుల ఆఫీసు ముద్ర వేసింది. హతుడి వేషం వేసిన పెద్దాయన కూడా అప్పలకొండకు ఫోన్ చేసి, "నేనేం చేశానయ్యా నీకు?" అని బాధపడ్డాడు.

"కథలో హత్య జరిగిన జూన్ పద్నాలుగు సాయంత్రం ఎక్కడున్నారు?" అని అప్పలకొండను పిలిపించి అడిగాడు లాజిక్కుల ఆఫీసరు.

"ఇంటికాడే బాబూ. జొరం. మా ఇంటిది నుదుటి మీద తడిగుడ్డ ఏసింది."

"అయితే ఆవిడ సంతకం పెడితే మీ పేరు కొట్టేస్తాం. సినిమా చూశాకే పెట్టాలి, అంతే."

భార్య నూకరత్నం తిట్టుకుంటూ వచ్చింది. "ఆళ్ల మొకాలు మండ! లేవలేక పడుకున్నోడు సంపీసేడా?" అంటూ ప్రివ్యూ హాల్లోకి వెళ్లింది. అప్పలకొండ వరండాలో నిశ్చింతగా కూర్చున్నాడు. పన్నెండేళ్లుగా సినిమాల్లో అతని వీపే కనబడుతోంది. "ఒక్కసారైనా నా ఏపు సూడరాదేటి?" అని ఆవిడ ఆటపట్టించేది. ఆ మాట గుర్తొచ్చే షూటింగు రోజు కెమెరాలోకి చూశాడు.

రెండున్నర గంటల తర్వాత నూకరత్నం బయటికొచ్చి, కాస్త ఎడంగా కూర్చుంది. సినిమాలో అతని చూపు కింద ఇప్పుడు భయపెట్టే వయొలిన్లు కలిపారు.

"నువ్వే సూడమన్నావు గదే," అన్నాడతను.

"అన్నాను. నవ్వుతా సూస్తావనుకున్నాను." తర్వాత ఆఫీసరు వైపు తిరిగింది. "బాబూ, ఆ రోజు గుడ్డ తడపడానికి కుళాయికాడికి ఎల్లినాను. జనం ఉన్నారు. ఎంతసేపయిందో నాకు గేపకం లేదు."

ఆఫీసరు రాసుకున్నాడు. "సరిపోయిందమ్మా."

ఇంటికొచ్చాక నూకరత్నం మొగుడికి అన్నం పెట్టింది, జైలుకు తీసుకెళ్లాల్సిన బట్టలు ఉతికి ఆరేసింది. కత్తిపీట మాత్రం తీసుకెళ్లి ఎదురింట్లో ఇచ్చి వచ్చింది. అప్పలకొండ అది చూశాడు. ఆమె కుళాయి దగ్గరున్నంతసేపూ తాను ఎక్కడికి వెళ్లి ఉంటానా అని ఆలోచిస్తూ, మంచిపనే చేసిందనుకున్నాడు.