ఆషాఢంలో ఓడెక్కిన ఊరు

కొత్త సుంకం అమల్లోకి రావడానికి సరిగ్గా ఒక రోజు ముందు, ఆషాఢమాసం చివరి వారంలో, గవ్వలపాలెం ఊరంతా రొయ్యల ఫ్యాక్టరీతో సహా ఉన్నచోటే ఉండి సముద్రం మీదికి బయల్దేరింది.

ఇందులో దాపరికం ఏమీ లేదు. రొయ్యలు కొనే దేశం ఇచ్చిన ప్రకటనలో ఒక మినహాయింపు ఉంది. గడువు తేదీకి ముందే ఓడెక్కి దారిలో ఉన్న సరుకుకు పాత సుంకమే వర్తిస్తుంది. ఆ తర్వాత ఎక్కించినదానికి మాత్రం ధరలో సగం కట్టాలి. సగం కట్టి అమ్మడం కన్నా ఫ్యాక్టరీకి తాళం వేసుకోవడం నయమని మేనేజరు కనకమహేశ్వరరావుకు లెక్క తేలింది. గవ్వలపాలెంలో ఆ ఫ్యాక్టరీ తప్ప ఇంకో పని లేదు. చెరువులు ఫ్యాక్టరీ కోసం, లారీలు చెరువుల కోసం, కిళ్ళీకొట్టు లారీ డ్రైవర్ల కోసం ఉన్నాయి. అందుకని ఆయన బాగా ఆలోచించి, ఊరినే ఓడ కింద రాసుకోమని ఒక దరఖాస్తు పెట్టాడు. గోదాములో ఉన్న సరుకు ఒక్కటే ఓడెక్కితే రేపటి పని ఏమవుతుంది? ఫ్యాక్టరీయే దారిలో ఉంటే, అందులో రేపు ఒలిచే రొయ్య కూడా దారిలో ఉన్న రొయ్యే అవుతుంది. పెట్టెలు ముందుగా వెళ్ళి చేరుతుంటాయి, ఊరు వెనకాల వస్తూ ఉంటుంది.

ఓడరేవు ఆఫీసు వారికి ఇందులో తప్పేమీ కనిపించలేదు. వచ్చి బజారు కూడలిలో తాడు వదిలి లోతు చూశారు. సరిపడా ఉందని రాసుకున్నారు. మర్నాడు మధ్యాహ్నం ఫ్యాక్టరీ సైరన్ మోగగానే ఊళ్ళో ఉన్న మనుషుల్ని, గేదెల్ని, మోటారు సైకిళ్ళని తూకం వేసి జాబితాలోకి ఎక్కించారు. ఆ పైన లంగరు ఎత్తేశారు. లంగరు ఎప్పుడు వేశారని ఎవరూ అడగలేదు.

లోవకుమారి ఆ రోజు ఊళ్ళో లేదు. వైశాఖంలో పెళ్ళయి కాపురానికి వచ్చింది. ఆషాఢంలో కొత్త కోడలు అత్తవారింట ఉండకూడదని పుట్టింటివాళ్ళు వచ్చి తుని తీసుకుపోయారు. వెళ్ళేటప్పుడు ఆమెకు ఏడుపు రాలేదు, నవ్వొచ్చింది. ఆ కాసిని రోజుల్లోనే ఆ ఒంటిగది ఇంట్లో ఎన్ని సంబరాలు పోగుపడ్డాయో! స్టీలు గిన్నెల మీద ఇద్దరి పేర్లూ కలిపి చెక్కించుకోవడం, కొత్త కుక్కరు మొదటి విజిలుకి ఇద్దరూ ఒకేసారి ఉలిక్కిపడటం, అతని ఒంటిమీద ఉండగానే చొక్కా గుండీ కుట్టి దారం పళ్ళతో తెంపడం. నెల రోజులే కదా, శ్రావణంలో వచ్చి మిగతాది అందుకుంటాననుకుంది. మొగుడు నూకరాజు ఫోన్ చేసి "ఊరు బయల్దేరిపోయిందే" అన్నప్పుడు కూడా "నేనొచ్చేదాకా ఆగమను బావా" అని పకపకా నవ్వింది.

శ్రావణం రాగానే సారె డబ్బాలతో బస్సు దిగింది. ఊరి మొదట్లో కల్వర్టు దగ్గర కస్టమ్స్ వాళ్ళు టేబులు వేసుకుని, పక్కన 'తీరం' అని బోర్డు పాతారు. ఆమెను ఎవరూ ఆపలేదు. ఆమె సరుకు కాదు. వీధులు ఎప్పటిలాగే ఉన్నాయి. జనం మాత్రం కాళ్ళు కాస్త ఎడంగా వేసి, ఊగుతూ నడుస్తున్నారు.

నూకరాజు మంచం అంచున కూర్చుని ఆమె కోసమే ఎదురుచూస్తున్నాడు.

"వచ్చేసేవేటి?" అన్నాడు. ముందు పెదాలు కదిలాయి, కాసేపటికి మాట వచ్చింది.

లోవకుమారి డబ్బాలు గుమ్మంలోనే దించి, గబగబా వెళ్ళి పక్కన కూర్చుని చెయ్యి చాపింది. ఇద్దరికి ఇరుకయ్యే మంచం అది. అయినా చెయ్యి అందలేదు. అతను ఓడలో ఉన్నాడు, ఆమె ఒడ్డున ఉంది.

"కొంచెం ఇటు జరుగు బావా."

"జరిగేనే. ఇంకా జరిగితే దిగిపోయినట్టవుద్ది."

ఓడ ముందుకు పోతున్నకొద్దీ ఎడం పెరిగింది. ఆమె ఇచ్చిన టీ అతని చేతికి అందేసరికి చల్లారిపోయేది. అతను జోకు వేస్తే, ఆమెకది చేరి, నవ్వు తిరిగి అతన్ని చేరేసరికి అతను మిషన్ల గురించో మేనేజరు గురించో మాట్లాడుతూ ఉండేవాడు. ఎందుకు నవ్విందో తెలియక తెల్లబోయేవాడు. వరలక్ష్మీవ్రతం నాటికి, అదే మంచం మీద, దూరంగా పోతున్న పడవలోని మనిషంత కనిపించాడు. ఆమె కొత్త చీర కట్టుకుని గది మధ్యలో గిర్రున తిరిగి చూపించింది. బాగుందని అతను చెయ్యి ఊపాడు. ఏ రంగో మాత్రం అతనికి తెలియలేదు.

ఆ సాయంత్రం అతను, "దిగిపోతానే. ఉద్యోగం పోతే పోయింది" అని అరిచాడు.

ఆ మాట ఇంకా ఆమెను చేరనేలేదు, పక్కింటి భూషణమ్మ చీపురుతో సహా వచ్చి గుమ్మంలో నిలబడింది. ఆవిడ ఫ్యాక్టరీలో రొయ్యలు ఒలుస్తుంది. ఓడలోనే ఉంది కాబట్టి ఓడలోని మాట ముందుగా వినబడింది. ఆవిడ మాట కూడా లోవకుమారికి ఆలస్యంగానే చేరింది.

"ఓసి పిల్లా, నీ మొగుడొక్కడు దిగితే తూకం తేడా వచ్చేస్తాదంట. తేడా వస్తే ఊరు మొత్తం వెనక్కొచ్చినట్టే రాసేస్తారు. నీ ఒక్కదాని కాపురం కోసం ఊరందరి పొయ్యిలూ ఆర్పుతావేటే?"

"ఆయన్ని దింపను పిన్నీ. నేనే ఎక్కుతాను."

"ఎక్కితే మాత్రం? తేదీ దాటేక కొత్త సరుకు ఎక్కించినట్టు గాదా? నీతోపాటు మాకూ వేస్తారు కొత్త సుంకం. ఒక్క ఆషాఢం పాటించకపోతే ఏం కొంప మునిగేది నీకు?"

"మీరే కదా పిన్నీ, కచ్చితంగా పాటించాలన్నారు."

"ఆయ్, అన్నాను. అప్పుడీ సుంకం లేదు కదే."

మర్నాడు లోవకుమారి కల్వర్టు దగ్గరకు వెళ్ళింది. కస్టమ్స్ సూపరింటెండెంట్ విశ్వేశ్వరం నెమ్మదస్తుడు. కుర్చీ వేయించి, ఆమె చెప్పిందంతా విన్నాడు.

"ప్రయాణికురాలిగా కుదరదమ్మా. ఇది సరుకుల ఓడ."

"పోనీ, ఆయన సామాను కింద రాయండి సార్."

"సామాను తేదీకి ముందే ఎక్కి ఉండాలి."

"అట్టపెట్టె కింద?"

"అట్టపెట్టెకి కూడా బరువుంటుందమ్మా."

కాదన్న ప్రతిసారీ ఆయన నిజంగానే నొచ్చుకున్నాడు. తనకూ అదే వయసు కూతురుందని చెప్పాడు. నిబంధనల పుస్తకం మళ్ళీ మొదటి నుంచి తిరగేశాడు. ఒకచోట ఆగి, కళ్ళజోడు సవరించుకుని, చాలా రోజులకు ఒక మంచి మాట చెప్పగలుగుతున్నవాడిలా నవ్వాడు.

"ఐసు కింద రాయొచ్చు."

ఐసు తూకంలోకి రాదు. రొయ్య చెడిపోకుండా దారిలో ఎక్కడైనా, ఎప్పుడైనా, ఎంతైనా వేసుకోవచ్చు. ఐసుకు తేదీ లేదు. జాబితాలో పేరు అక్కర్లేదు. రోజుకూలి మాత్రం ఉంటుంది. పీఎఫ్ ఉండదు.

"కరిగిపోతే సార్?"

"కరగాలమ్మా. కరక్కపోతే తూకంలోకి వచ్చేస్తుంది."

"కరిగేక?"

"బదులు వేరే ఐసు వేసుకునే హక్కు ఎగుమతిదారుకి ఉంది. దానికి మళ్ళీ దరఖాస్తు కూడా అక్కర్లేదు."

లోవకుమారి కొంగు చివర వేలికి చుట్టుకుంది. "పనైపోయేక ఇంటికెళ్ళొచ్చాండి?" అని అడిగింది.

"నిరభ్యంతరంగా" అన్నాడు విశ్వేశ్వరం.

ఆమె సంతకం చేసింది. కాగితం మీద ఆ చోట కొంచెం తడి అయింది. ఆయన దాన్ని అద్దుడు కాగితంతో అద్ది జాగ్రత్త చేశాడు.

ఇంటికి వెళ్ళేసరికి నూకరాజు మంచం మీద ఉన్నాడు, మనిషంత మనిషిలా, పక్కనే. చెయ్యి చాపితే అందాడు. మెడ దగ్గర పౌడరు వాసన, ఊడిపోవడానికి సిద్ధంగా ఉన్న రెండో గుండీ, అన్నీ ఎక్కడివి అక్కడే ఉన్నాయి. అతను ఏదో అన్నాడు, ఆ క్షణమే ఆమెకు వినిపించింది, ఆ క్షణమే ఇద్దరూ నవ్వారు. ఆమెకు ఇంతకన్నా ఏమీ అక్కర్లేదనిపించింది.

"ఇంత చల్లగా ఉన్నావేటే?" అన్నాడు ఆమె చేతులు తన చేతుల్లోకి తీసుకుని.

"కొత్తగా ఎక్కేను కదా బావా."

అతను తువ్వాలు తెచ్చి ఆమె వేళ్ళు తుడిచాడు. మళ్ళీ తడిశాయి, మళ్ళీ తుడిచాడు. కాసేపటికి అదే ఒక ఆటగా బాగుందనిపించింది ఇద్దరికీ.

పొద్దున్నే ఆమె ఫ్యాక్టరీకి వెళ్ళింది. ఒలిచే షెడ్డులో ఆడవాళ్ళు తొట్ల చుట్టూ వరసగా నిలబడి ఉన్నారు. సూపర్‌వైజరు ఆమెను భూషణమ్మ పక్కన నిలబెట్టాడు. భూషణమ్మ ఆమెను ఎగాదిగా చూసి, కొంచెం పక్కకి జరిగి చోటిచ్చింది. రొయ్య కోసం చెయ్యి ఎత్తినప్పుడు ఆవిడ గాజులు మణికట్టు నుంచి జారి మోచెయ్యి దాటి భుజం దాకా పోయాయి. చూపుడువేలు సగమే ఉంది.

"మీరూనా పిన్నీ?"

"కాంట్రాక్టోళ్ళం అందరం ఇంతేగా. జాబితాలో మనుషులని రాసింది పర్మినెంటోళ్ళనే. మేమంతా ఐసు కిందే."

"మరి ముందే చెప్పలేదేం?"

భూషణమ్మ రొయ్య తల విరిచి తొట్లో పడేసింది. "కొత్త పెళ్ళికూతురివి. ఇంకొన్నాళ్ళు ఒడ్డునుంటావులే అనుకున్నాను" అంది. ఇంకో రొయ్య అందుకుని, పని నేర్పే గొంతుతో చెప్పింది. "ముందు వేళ్ళ చివర్లు పోతాయి. భయపడకు, నొప్పుండదు. మిగిలినదాంతోనే ఒలవడం అలవాటైపోద్ది. నువ్వు పడుచుదానివి, రెండు సీజన్లు వస్తావు."

లోవకుమారి తలూపింది. చేతులు తొట్లో ముంచి మొదటి రొయ్యను అందుకుంది.

"బువ్వ బెల్లు ఎప్పుడు కొడతారు పిన్నీ?"

"పన్నెండున్నరకి. గోంగూర తెచ్చేను, పెడతాన్లే."

సాయంత్రం సైరన్ మోగాక గేటు దగ్గర నూకరాజు ఆమె కోసం నిలబడి ఉన్నాడు. ఇద్దరూ చేతులు పట్టుకుని ఇంటిదారి పట్టారు. ముందూ వెనకా షెడ్డు ఆడవాళ్ళందరూ గుంపులుగా, నవ్వుకుంటూ, కూర ధరలు చెప్పుకుంటూ నడుస్తున్నారు. వాళ్ళు దాటిన రోడ్డు పొడవునా తడి. ఆ రోడ్డు రోజూ ఆ వేళకు అలాగే ఉంటుంది. సైకిళ్ళ మీద వచ్చేవాళ్ళు జారిపడకుండా, చూసుకోకుండానే, కొంచెం పక్కగా తొక్కుకుంటూ పోయారు.