పాత పెట్టెలోంచి కొత్త పెట్టెలోకి

ఆదివారం పొద్దున కాఫీ చల్లారేలోపు ముగించాల్సిన పని అది. రంగుల దుకాణం యజమాని దానికి అంతకన్నా ఎక్కువ సమయం పెట్టుబడి పెట్టదలుచుకోలేదు. మేడమెట్ల కింది అలమరలో పాత సర్వర్ పెట్టె ఉంది. దాని కడుపులో నాలుగు డిస్కులు, వాటిలో ఫొటోగ్రాఫరైన అతని భార్య తీసిన ఫొటోలన్నీ ఉన్నాయి. పెట్టె కొన్నాళ్లుగా మూలుగుతోందని కొత్తది కొన్నారు. డిస్కుల్ని దీంట్లోంచి తీసి దాంట్లో పెట్టడమే. గోడౌన్ మార్చినట్టే.

భార్య కెమెరా సంచి భుజానికి తగిలించుకుని గుమ్మం దగ్గర ఆగింది.

"సాయంత్రం పెళ్లికూతురి నాన్నగారు ఫొటోలకోసం వస్తారు. నాకొచ్చిన మొదటి పెద్ద పెళ్లి అది. కెమెరా కార్డులు కూడా చెరిపేశాను, ఉన్నవన్నీ ఆ పెట్టెలోనే. మా తమ్ముడొచ్చేదాకా దాన్ని ముట్టుకోకండి."

"మీ తమ్ముడొచ్చేసరికి దానికి పెన్షనొచ్చేస్తుంది. నువ్వెళ్లిరా."

ఆ తమ్ముణ్ణి ఇంట్లో అందరూ మాన్యువల్ అంటారు. గొడుగు కొన్నా, దాంతో వచ్చిన కాగితం చదివాకే విప్పుతాడు. అతను కూడా ఫోన్ చేశాడు.

"బావగారూ, ముందు ఇంకో డిస్కులోకి కాపీ తీయండి. అది తెరుచుకుంటోందో లేదో చూసుకోండి. ఆ తర్వాతే పాతవి కదపండి."

"ఒకే సరుకుని రెండు గోడౌన్లలో పెట్టి బాగుపడ్డ వ్యాపారిని ఎక్కడన్నా చూశావా?"

"అది సరుకు కాదండీ, ఫొటోలు."

"అమ్ముడుపోయేదేదైనా సరుకే," అని ఫోన్ పెట్టేశాడు.

డిస్కులు నాలుగూ బయటికి తీశాడు. ఒక్కోదాని వెనక తయారైన తేదీ ముద్రించి ఉంది. దుకాణంలో ముందు తయారైన డబ్బా ముందు వరసలో ఉండాలి, లేకపోతే రంగు గడ్డకట్టి నష్టం. ఏళ్ల తరబడి ఆ పనికి అలవాటైన చెయ్యి యజమానిని అడగలేదు. డిస్కుల్ని తేదీ ప్రకారం కొత్త పెట్టెలో సర్దేసింది. ఖాళీ అయిన పాత పెట్టె ఇంట్లో ఉంటే స్థలం దండగ. వీధిలో పాతసామాన్ల వ్యాపారి బండి కనిపించగానే వైరుతో సహా ఇచ్చేశాడు. అప్పుడు కొత్త పెట్టె స్విచ్ వేశాడు.

దానికి తగిలించిన కంప్యూటర్ తెర మీద ఒక ప్రశ్న వచ్చింది. 'ఈ డిస్కులు నాకు కొత్త. అన్నీ చెరిపేసి వాడుకోమంటారా?' దాని కింద అరచేతంత ఆకుపచ్చ బటన్. ఎదుటివాడు పెద్ద అక్షరాల్లో చూపించేదానికి తొందరపడి ఒప్పుకోకూడదని అతనికి తెలుసు. నొక్కలేదు. తేదీ ప్రకారం సర్దడం వల్లే పెట్టె డిస్కుల్ని గుర్తుపట్టలేదని తేల్చుకున్నాడు. అంతకుముందు ఏది ఎక్కడుందో ఎంత తన్నుకున్నా గుర్తు రాలేదు. బావమరిదికి ఫోన్ చేస్తే ఎత్తలేదు. పాత పెట్టెకైతే తన పిల్లల్ని తాను గుర్తుపట్టే తెలివి ఉంటుందని పరుగెత్తాడు.

పాతసామాన్ల వ్యాపారి షెడ్డులో కూర్చుని పెట్టెకి దుమ్ము తుడుస్తున్నాడు.

"విడిగా ఇవ్వనన్నా. ఈ ఎక్సర్‌సైజు సైకిలూ, ఈ రెక్కల్లేని ఫ్యానూ కలిపి ఒక లాటు."

"పొద్దున నేనిచ్చిందేగా అది."

"పొద్దున మీది."

అమ్ముడుపోని ఊదారంగు డబ్బాని తెల్లరంగుకి జతకట్టి అంటగట్టడం ఇతనికీ అలవాటే. లాటు మొత్తం కొన్నాడు.

ఎక్కడికీ వెళ్లని సైకిల్ని ఈడ్చుకుంటూ వీధి మధ్యలో ఉండగా పెళ్లికూతురి తండ్రి ఫోన్ చేశాడు. భార్య విజిటింగ్ కార్డు మీద రెండో నంబరు ఇతనిదే.

"ఫొటోలు సిద్ధమేనా సార్? మధ్యాహ్నమే వచ్చేద్దామనుకుంటున్నా."

"ఆఖరి మెరుగులు దిద్దుతున్నారండి. సాయంత్రమే రండి."

"మెరుగులంటే, మార్పులు కూడా చేస్తారా?"

"ఏదైనా చేస్తారండి."

"అయితే మా తోడల్లుణ్ణి తీసేయించండి. పెళ్లయ్యాక మాటామాటా వచ్చింది. ఒక్క ఫొటోలోనూ కనిపించకూడదు."

"దానికేముందండీ."

మాటకి పెట్టుబడి లేదు కదా అనుకున్నాడు. ఆ మాట ఎంత వేగంగా పాకిందో, ఇల్లు చేరేలోపు పెళ్లికూతురి మేనత్త ఫోన్ చేసి తనని సన్నగా చేయమంది, పెళ్లికొడుకు బాబాయి నెత్తిమీద జుట్టు పెట్టమన్నాడు. అందరికీ అలాగేనన్నాడు.

ఇంటికొచ్చి, డిస్కులు కొత్త పెట్టెలోంచి ఊడదీసి చూస్తే పాత పెట్టెకి కరెంటు వైరు లేదు. షెడ్డుకి ఫోన్ చేశాడు.

"వైరా? అది వేరే లాటన్నా," అన్నాడు వ్యాపారి తాపీగా.

అప్పుడే భార్యా, బావమరిదీ కలిసి లోపలికొచ్చారు. హాల్లో సైకిలు, ఫ్యాను, వాటి మధ్య నేలమీద మొగుడు, ఒళ్లో డిస్కులు. కుర్చీల మీద అట్టపెట్టెలు పరిచి ఉండడంతో ఆమె ఆ సైకిలు మీదే కూలబడింది.

"పోయాయా?"

ఆమె అరిచి ఉంటే ఏదో ఒకటి సర్దిచెప్పేవాడు. అంత మెల్లగా అడిగేసరికి ఒళ్లోని డిస్కుల్ని మళ్లీ తేదీల వరసలో పేర్చసాగాడు.

"రెండోసారి పెళ్లి చేసుకోమని వాళ్లనెలా అడగను?" అందామె నేల చూస్తూ.

మాన్యువల్ కొత్త పెట్టెతో వచ్చిన చిన్న పుస్తకం తీసి, మొదటి పేజీ నుంచి చదివాడు. ఆ కాసేపట్లో యజమాని తన జీవితంలోని నష్టాలన్నీ కూడుకున్నాడు. ఇంత పెద్దది లేదు.

"వరుసెలా ఉన్నా ఫర్వాలేదు బావగారూ. ఏ డిస్కు ఎన్నోదో దాని లోపలే రాసుకుని ఉంటుందట. ఇటివ్వండి." కొత్త పెట్టెలో డిస్కులు పెట్టి స్విచ్ వేశాడు. "ఆకుపచ్చ బటన్ కింద చిన్నక్షరాలు చూడండి. 'పాతవి ఉన్నవి ఉన్నట్టు తీసుకో' అనుంది. అది నొక్కాలి."

నొక్కాడు. తెర మీద ఫొటోలు ఒక్కొక్కటే తేలాయి. భార్య చాలాసేపు చూసి కళ్లు తుడుచుకుంది. యజమాని సైకిలు పట్టుకుని నిలబడ్డాడు.

అంతలో ఆమె ఫోన్ మోగింది. "అలాగేనండి, అలాగేనండి," అని పెట్టేసి మొగుడి వైపు తిరిగింది.

"తోడల్లుణ్ణి తీసేస్తానన్నారట మీరు."

"ఏదో నోటిమాటగా అన్నాను."

"మాట నాది కాదు, మీది. పెళ్లికూతురి నాన్నగారు బయల్దేరారు." కుర్చీ మీది అట్టపెట్టె తీసి, మౌస్ అతని చేతిలో పెట్టింది. "కూర్చోండి."

అతను మొదటి ఫొటో తెరిచాడు, రెండోది తెరిచాడు, తర్వాత గబగబా చివరిదాకా తిప్పాడు. ప్రతిదాంట్లోనూ తోడల్లుడు వధూవరుల మధ్య, ఇద్దరి భుజాల మీదా చేతులేసి నిలబడి ఉన్నాడు.