ఐదు శాతం దగ్గర ఆగిన మౌస్

ఆ పొద్దున పైహాన్ పెట్టుకున్న పనులు రెండే. డెమో కంప్యూటర్‌కి కొత్త ఆకుపచ్చ ప్యాకెట్ పెట్టాలి, మౌస్‌లో కొత్త బ్యాటరీ వెయ్యాలి. పదింటికి ఒసాకా నుంచి హిరోసే గారు వస్తారు. ఆయన శిక్షణ సంస్థలో నాలుగు వందల లినక్స్ కంప్యూటర్లున్నాయి. వైర్‌లెస్ మౌస్‌లలో, కీబోర్డుల్లో బ్యాటరీ ఎంత మిగిలిందో చూపించే పైహాన్ ప్రోగ్రాం ఆయనకు నచ్చితే ఉద్యోగం ఖాయం. నచ్చకపోతే నెలాఖరుకి ఇంటికే.

ఆ ప్యాకెట్ మొక్కజొన్న చిరుతిండి. పక్కన ఉంటే యంత్రం బుద్ధిగా ఉంటుంది. ఆకుపచ్చదే కావాలి, గడువు దాటకూడదు, పొరపాటున కూడా తినకూడదు. తైపేలో ఏ ఇంజినీరూ ఈ నమ్మకం మీద వాదన పెట్టుకోడు. పైహాన్ తళతళలాడే ఆ ప్యాకెట్‌ను కంప్యూటర్ ముందు, దానికి గుచ్చిన మౌస్ రిసీవర్‌కు ఆనించి నిలబెట్టి దణ్ణం పెట్టుకున్నాడు. తర్వాత బ్యాటరీ మార్చాడు. తెర మీద మాత్రం నిన్నటి ఐదు శాతమే ఉంది. బాణం గుర్తు కదలనని మొరాయించింది.

"షాపువాడు పాత బ్యాటరీ అంటగట్టాడక్కా!" అని గోల పెట్టాడు.

"నీ ప్రోగ్రామే తప్పేమో చూసుకోరాదూ?" అంది లెక్కల విభాగం షూఫెన్.

"నా ప్రోగ్రాం అబద్ధం చెప్పదు!"

గోడ గడియారం బ్యాటరీ పీకి మౌస్‌లో వేశాడు. ఐదు శాతం. షూఫెన్ బీపీ మిషన్ బ్యాటరీ లాక్కున్నాడు.

"ఒరేయ్, నా బీపీ నేనెలా చూసుకునేది?"

"ఈ ఒక్కపూటా కోప్పడకక్కా, చాలు!"

అదీ ఐదే. షూఫెన్‌కు జాలేసింది. "ఒక్క ప్యాకెట్ సరిపోలేదేమోలే" అంటూ తన బల్ల మీదివి రెండు తెచ్చి మొదటిదాని పక్కన ఇరికించి పెట్టింది. బాణం గుర్తు పూర్తిగా చచ్చిపోయింది.

ఈలోగా కో అనే మేనేజర్ వచ్చి, ఆగిపోయిన గోడ గడియారం చూశాడు. తొమ్మిదీ ఇరవై. "బోలెడు టైముంది, సోయా పాలు తాగొస్తా" అని కిందికి వెళ్లిపోయాడు. ఆయన లిఫ్టు కిందికి దిగగానే పక్క లిఫ్టులోంచి హిరోసే గారు దిగారు. సరిగ్గా పదయింది.

పైహాన్ గబగబా కుర్చీ లాగాడు. "కూర్చోండి సార్, ఒక్క నిమిషం... మా మేనేజర్..."

హిరోసే గారు బల్ల చూశారు. తన కోసం మూడు ప్యాకెట్లు వరసగా పెట్టారు! ముట్టుకోకపోతే పాపం ఎంత నొచ్చుకుంటారో అనుకున్నారు. వంగి నమస్కరించి, మూడూ ఒళ్లోకి తీసుకుని, ఒకటి టప్పున చించారు.

"అయ్యో, తినకండీ!" అని షూఫెన్ కేక పెట్టేలోపే ఆయన నోట్లో కరకర వినిపించింది. పైహాన్ గట్టిగా కళ్లు మూసుకున్నాడు. అయిపోయింది, ఉద్యోగం పోయింది.

"ఓహో, వంద శాతం! భలే ఉందే" అన్నారు హిరోసే గారు నములుతూ.

పైహాన్ కళ్లు తెరిచాడు. తెర మీద నూరు. బాణం గుర్తు చెప్పినట్టు వింటోంది. అతను చిరిగిన ప్యాకెట్ లోపలి వెండిరేకు వైపు, రిసీవర్ వైపు చూసి తల పట్టుకున్నాడు. అడ్డంగా రేకు నిలబెడితే మౌస్ చెప్పేది రిసీవర్‌కు ఎలా వినపడుతుంది? ప్రోగ్రాం పొద్దుట్నుంచీ నిన్నటి మాటే అప్పజెబుతోంది.

వారం తిరక్కుండా ఆర్డర్ వచ్చింది. నాలుగు వందల కంప్యూటర్లకు ప్రోగ్రాం, నాలుగు వందల ఆకుపచ్చ ప్యాకెట్లు. అవి తినడానికో, కంప్యూటర్ల ముందు పెట్టడానికో అడిగే ధైర్యం ఆఫీసులో ఎవరికీ లేకపోయింది.