గాల్వే పేరు నేర్చుకోండి, ఇల్లదే వస్తుంది!

ఐర్లండులో అద్దె ఇల్లు దొరకడం లేదని ఏడ్చేవాళ్లంతా బద్ధకస్తులు! ఇల్లు దొరక్కపోతేనేం, ఊరి పేరు దొరుకుతోంది కదా? అదీ రెండు భాషల్లో, ప్రతి బోర్డు మీదా, ఫ్రీగా!

మా గాల్వేనే తీసుకోండి. ఐరిష్‌లో 'గాలివ్'. రాళ్ల ఏరు అని కొందరంటారు. కాదు, ఆ ఏట్లో మునిగిపోయిన రాజకుమారి పేరని ఇంకొందరంటారు. అదృష్టవంతురాలు, ఆ పిల్లకి ఏట్లోనైనా చోటు దొరికింది.

అసలు అందమంతా వ్యాకరణంలో ఉంది. ఊరైతే గాలివ్, ఆ ఊరి జిల్లా అన్నప్పుడు గాలివె. ఏలూరులో కాలువని మనం ఏలూరి కాలువ అనమూ? అలాగే! ఇది తెలిసిన రోజు ఒళ్లు పులకరించిందండీ. నాది ఏలూరు. అంటే ఈ దేశానికి నేను చుట్టాన్నేనన్నమాట!

ఈలోగా మా ఓనరు ఇల్లు అమ్మేస్తున్నాడట, నెలాఖరుకి ఖాళీ చెయ్యమన్నాడు. మా ఆవిడ లోహిత కంగారు పడింది. నేనెందుకు పడతాను? విభక్తులు వచ్చినవాడికి వసతొక లెక్కా!

ఆదివారం ఒక ఇల్లు చూడ్డానికి వెళ్లాం. గేటు నుంచి వీధి మలుపు దాకా క్యూ! మా ఆఫీసు కృపారావు జీతం కాగితాలు, పాత ఓనరు ఇచ్చిన రిఫరెన్సు ఉత్తరం పట్టుకొచ్చాడు. పిచ్చి మారాజు! నేను నేరుగా ఏజెంటు దగ్గరికెళ్లి, ఊరి పేరూ దాని పుట్టుపూర్వోత్తరాలూ ఐరిష్‌లో అప్పజెప్పాను.

"గ్రాండ్! నాకంటే మీకే బాగా వచ్చు!" అని ఆయన భుజం తట్టాడు.

ఆ ఇల్లు నాకూ రాలేదు, కృపారావుకీ రాలేదు. ఓనరుగారి అక్క కొడుక్కి వెళ్లింది. ఆ కుర్రాడికి ఊరి పేరు ఐరిష్‌లో పలకమంటే చెమటలు పడతాయట. పాపం, ఎంత నష్టపోయాడో చూడండి!

"పోనీ కిల్కెన్నీ ఊళ్లోనైనా కనుక్కోరాదూ?" అంది లోహిత.

కిల్కెన్నీ అంటే ఐరిష్‌లో క్యానిస్ మునిగారి చర్చి అని అర్థం చెప్పబోయాను. ఆవిడ చేతిలో గరిటె చూసి ఊరుకున్నాను.

నిన్న మా అమ్మాయి అక్షరకి బళ్లో హోంవర్కిచ్చారు. మీ ఇంటి అడ్రసు ఐరిష్‌లో రాయాలి. ఇక్కడ పుట్టిన పిల్ల కదా, ఊరూ జిల్లా ఎంత ముచ్చటగా రాసిందో! ఒక్క తప్పు లేదు. పై లైను మాత్రం ఖాళీగా వదిలేసి నా వైపు చూసింది.

"డాడ్, విచ్ హౌస్ విల్ ఐ పుట్?"

ఏ ఇల్లు వెయ్యాలట!

"దాన్నలా వదిలెయ్యమ్మా, మిగతాదంతా కరెక్టే" అన్నాను.